మిషనమ్మ కొట్టని మాట

రామాయంపేట బస్టాండులో మెదక్ బస్సు కోసం ఎదురుచూస్తూ పక్కనున్న ఆవిడతో మాట కలిపాను. వాళ్ళది మెదక్‌లో పెద్ద చర్చి వెనక వాడ అనేసరికి ప్రాణం లేచొచ్చింది.

"అయితే మిషనమ్మ ఎట్లున్నదమ్మా?" అని అడిగాను.

"ఏ మిషనమ్మ? టైపు కొడుతుండె, గామెనా? అయ్యో, గామె పోయి రెండు నెల్లాయె గదమ్మా! మీకెర్క లేదా?"

లేదన్నట్టు తల ఊపాను. ఆవిడే చెప్పుకుపోయింది.

"మా చెల్లె దవాఖానల నర్సు. ఆఖరి దినం గూడ డాక్టర్‌ను ఒకటే సవాళ్లంట. గీ సూదిమందు ఏడ తయారైతది, నెత్తురుల కలిసినంక యాడికి పోవాల్నో దానికి తొవ్వ ఎట్ల తెలుస్తది అని. గా డాక్టర్‌కు జవాబు రాలే. పొద్దుగాల పుస్తకం వట్టుకోని వచ్చిండంట చెప్పనీకి. అప్పటికే అయిపోయింది."

బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను గానీ దారిలో ఏ ఊరు దాటిందో నాకు తెలియలేదు.

ఆమె జీవితచరిత్ర రాయమంటే నావల్ల కాదు. ఎక్కడ పుట్టిందో, ఇంగ్లీషు ఎవరి దగ్గర నేర్చుకుందో, పెళ్లి ఎందుకు చేసుకోలేదో నాకు తెలియదు. మేమెవరమూ అడగలేదు. అడగడం ఆమె పని, చెప్పడం మా పని అన్నట్టుగా ఉండేది వ్యవహారం. అసలు పేరు రాసినా మెదక్‌లో ఎవరూ పోల్చుకోలేరు. మిషన్ కాంపౌండులో పనిచేస్తుంది గనక మిషనమ్మ అయిందని చర్చివాళ్ళు అనేవాళ్ళు. టైపు మిషన్ ఉంది గనక అయిందని మా బజారువాళ్ళు అనేవాళ్ళు. ఏది నిజమని ఒకసారి ఆమెనే అడిగితే, "రెండు తీర్ల పిలుస్తరు, రెండింటికీ పలుకుత" అంది.

సన్నంచు తెల్లచీర. అప్పటికి నలభై ఏళ్ళ మనిషి. కళ్ళద్దాలకు ఒక పక్క పుల్ల విరిగిపోతే దారం కట్టి చెవికి చుట్టుకునేది. పొద్దున కాంపౌండులోని తెల్లదొరల ఉత్తరాలు, దొరసాని రిపోర్టులు కొట్టేది. మూడు గంటలు దాటితే మిషన్ ఊరిది. ఇంగ్లీషులో దరఖాస్తు కావలసిన ఎవరైనా వరండాలోని ముక్కాలిపీట మీద కూర్చోవచ్చు. పైసా ముట్టుకునేది కాదు. దానికి బదులు ప్రశ్నలు వేసేది. రంగులద్దే ఆయన వస్తే, ఆకుపచ్చ రంగు నీళ్ళలో దిగకుండా ఎట్లా నిలుస్తుందో చెప్పాలి. శివ్వంపేట నుంచి రైతు వస్తే, జొన్నకు దప్పికైందని ఆకు చూసి చెప్తాడా, మన్ను చూసి చెప్తాడా అని తేల్చాలి. ఏడుపాయల జాతరకు బండ్లు కట్టే ముసలాయన్ని, మంజీర ఏడు పాయలుగా విడిపోయి మళ్ళీ కలిసేచోట ముందుగా ఏ పాయ చేరుతుందని అడిగింది. ఆయన అప్పటిదాకా ఎన్నడూ ఆ సంగతి ఆలోచించలేదు. మరుసటి జాతరకు ఒక రోజంతా గట్టున కూర్చుని చూసి వచ్చి చెప్పాడట.

ప్రశ్న వేసేటప్పుడు కళ్ళద్దాలు నొసటి మీదికి ఎత్తుకునేది. "అద్దాలు వెట్టుకుంటే మాట మంచిగ ఇనవడది" అనేది. నవ్వులాటకు అన్నదో, నిజంగానే అన్నదో మాకు చివరిదాకా తెలియలేదు.

ఆమెకు ఒక నియమం ఉండేది. ప్రతి వాక్యాన్నీ కొట్టేముందు ఎదుటివాళ్ళకు తెలుగులో చెప్పి, "గిదేనా నువ్వనేది? గిది నిజమేనా?" అని అడిగేది. అవునంటే మిషన్ టకటకలాడేది. అబద్ధమని ఆమెకు తెలిస్తే మాత్రం రెండు చేతులూ మిషన్ మీంచి తీసి ఒళ్లో పెట్టుకునేది. కోపం లేదు, నీతిబోధ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ కూర్చునేది, అంతే. ఒక పటేలు తన కొడుకు వయసు రెండేళ్ళు తగ్గించి కొట్టమంటే అట్లాగే కూర్చుంది. ఆయన చాయ్ తెప్పించుకుని తాగాడు, బీడీ కాల్చాడు, ఊరి సంగతులు మాట్లాడాడు, చివరికి కాగితాలు తీసుకుని లేచిపోయాడు. మా బజారులో ఎవరైనా గొప్పలకు పోతే, "ఇగో, మిషనమ్మ చేతులు ఒళ్లె వెట్టుకున్నది" అని నవ్వుకునేవాళ్ళు.

పోలీసు యాక్షన్ పేరుతో భారత సైన్యం మా రాజ్యంలోకి రావడానికి ముందటి ఎండాకాలంలో నేను ఆమె దగ్గరికి మొదటిసారి పనిమీద వెళ్ళాను. హైదరాబాదులో బీయెస్సీ ఆఖరి ఏడు చదువుతున్నాను. గడబిడల వల్ల కాలేజీ తొందరగా మూసేస్తే ఇంటికి వచ్చాను. ఆ ఏడు సర్కారు కొందరికి వజీఫా ఇచ్చి పైచదువులకు విలాయతు పంపుతుందని, అందులో ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన చదువు కూడా ఒకటుందని మా లెక్చరరమ్మ చెప్పి ఫారం చేతికిచ్చింది. మా నాయిన సర్కారు దవాఖానాలో కంపౌండరు. ఆయన జీతంతో నేను బొంబాయి రేవు కూడా చూడలేను. వజీఫా వస్తే ఓడ ఖర్చు, ఫీజు, తిండి అన్నీ సర్కారువే. రాకపోతే నా చదువు అక్కడితో ఆఖరు.

ఫారంలో ఒక పెద్ద ఖానా ఉంది. ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావో రాయమని. రెండు రోజులు కూర్చుని, నా దేశానికి, నా ప్రజలకు సేవ చేయాలన్నదే నా జీవితాశయమని ఇంగ్లీషులో గంభీరంగా రాసుకుపోయాను. మిషనమ్మ చదివింది. కళ్ళద్దాలు పైకెత్తింది.

"నా దేశమని రాసినవ్. ఏ దేశం బిడ్డా?"

గతుక్కుమన్నాను. చుట్టూ దేశమంతా స్వతంత్రం వచ్చి జెండాలెగరేసింది. మా రాజ్యం మాత్రం మాదే వేరే దేశమంటోంది. దారి పొడుగునా రాజు తరఫున ఖాకీ తొడిగిన గుంపులు తిరుగుతున్నాయి.

"రాజు దేశమంటే ఒక దిక్కోల్లు తంతరు. జెండా దేశమంటే ఇంకో దిక్కోల్లు తంతరు. ఏదీ చెప్పకుంటే రెండు దిక్కులా తంతరు" అని నవ్వింది. "తన్నుల సంగతి విడువు. అసలు నీకు ఏం తెలుసుకోవాల్నని ఉన్నది? గది చెప్పు."

"సేవ చెయ్యాల్నని..."

"సేవకు విలాయతెందుకు? మా నర్సులు ఈడనే జేస్తున్నరు గద. ఆడికి వోయినంక వాళ్లను నువ్వు ఏం అడుగుతవ్?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ కాలు సంగతి చెప్పాను. నా చిన్నప్పుడు అమ్మకు నారికురుపు లేచింది. చీలమండ దగ్గర పొక్కు పగిలి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వచ్చింది. దాన్ని ఒక పుల్లకు చుట్టి, తెగిపోకుండా రోజుకు ఇంత అని లాగేవాళ్ళు. ఒకరోజు తెగింది. కాలు చీము పట్టింది. అప్పటినుంచి అమ్మ కర్ర లేనిదే నడవలేదు.

"ఏ బాయి నీళ్లు తాగింది మీ అమ్మ?"

"మా అమ్మమ్మోల్ల ఊరి మెట్లబాయి."

"మెట్లు దిగి, కాళ్లు నీళ్లల్ల వెట్టి ముంచుకుంటరా?"

"అవు."

"గా ఊర్ల చేదబాయి ఉన్నదా? గా నీళ్లు తాగినోల్లకు లేసిందా కురుపు?"

ఆలోచించాను. దొరగారి గడిలో చేదబావి ఉండేది. ఆ ఇంట్లో ఒక్కరికీ నారికురుపు లేచినట్టు గుర్తులేదు. ఆ మాటే చెప్పాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. పురుగు నీళ్ళలోకి ఎట్లా వస్తుంది, కంటికి కనబడుతుందా, బట్టతో వడబోస్తే ఆగుతుందా, మెట్లు పూడ్చేస్తే ఊరికి నీళ్ళెట్లా అని గంటసేపు అడిగింది. కొన్నింటికి కాలేజీ పుస్తకాల్లోంచి జవాబు చెప్పాను. కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు.

"జవాబు లేనియే గావాలె. గవే కొడదాం" అని కాగితం ఎక్కించింది.

మా అమ్మ కాలిలోంచి పురుగు వచ్చింది. అది ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. ఊరికి నీళ్ళు తప్పిపోకుండా, ఆ పురుగు మాత్రం రాకుండా చేయడం ఎట్లాగో తెలియదు. తెలిసినవాళ్ళను అడగడానికి వెళ్తాను. ఇంగ్లీషులో అంతే కొట్టింది. నా రెండు రోజుల గాంభీర్యమంతా మడిచి నా చేతిలో పెట్టింది.

తరువాత పేరు, ఊరు, మార్కులు గబగబా అయిపోయాయి. పదకొండో ఖానా దగ్గర ఆగింది.

"మీ కుటుంబంల ఎవలకన్న సర్కారుకు ఎదురు తిరిగే పనులతోటి సంబంధమున్నదా అంటున్నరు."

మా అన్న అంతకు ఏడాది ముందు చదువు మానేసి, సర్కారు మీద తుపాకి పట్టిన సంఘంలో కలిశాడు. దళంతో అడవుల్లో తిరుగుతున్నాడని ఊరంతటికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. దవాఖానాలో ఎవరైనా అడిగితే, మద్రాసులో ఏదో నౌకరీ చేస్తున్నాడని నాయిన చెప్పేవాడు.

"లేదని కొట్టుండ్రి" అన్నాను.

ఆమె రెండు చేతులూ మిషన్ మీంచి లేచి ఒళ్లోకి చేరాయి.

"అమ్మా, మీ కాల్మొక్కుత. ఉన్నడని రాస్తే వజీఫా కాదు, నాయిన నౌకరీ గూడ పోతది. ఆయనను లోపలేస్తరు."

"నాకెర్కనే."

"అయితే ఖాళీ ఇడిసిపెడదాం."

"ఖాళీ చూస్తే ఇంకింత అడుగుతరు. గది గూడ జవాబే." కాగితం మిషన్‌లోంచి తీసి, సిరాబుడ్డి, కలం నా ముందుకు జరిపింది. "నా మిషన్ కొట్టది బిడ్డా. నీ చెయ్యి నీది."

కలం సిరాలో ముంచాను. లేదు అని ఇంగ్లీషులో రాశాను. మిగతా ఫారమంతా అచ్చు గుద్దినట్టుంటే ఆ ఒక్క మాట నీలిసిరాలో వంకరగా కనబడుతోంది.

"తప్పు జేసిన్నా?" అని అడిగాను.

"నాకెట్ల తెలుస్తది? నువ్వు రాసింది నీ కోసమా, మీ నాయిన కోసమా, నీకే తెల్వాలె" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోతూ తోవ పొడుగునా ఆమెను తిట్టుకున్నాను.

వానలు పడ్డాక హైదరాబాదు నుంచి ఇంటర్వ్యూకు రమ్మని కాగితం వచ్చింది. వారం తిరక్కుండానే మా ఇంటి ముందు పోలీసు జవాను నిలబడ్డాడు. సంగారెడ్డి నుంచి వచ్చిన అమీన్ సాబ్ మిషన్ కాంపౌండులో ఉన్నాడు, రమ్మంటున్నాడన్నాడు. అమీన్ అంటే ఆ రోజుల్లో ఠాణాకు పెద్ద. నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. బూట్లనిండా బురద. చేతిలో, విచారణకు వచ్చిన నా ఫారం. మిషనమ్మ తన కుర్చీలోనే ఉంది.

"అంతా మిషన్‌తోటి కొట్టింది మీరే గదా?"

"నేనే."

"మరి ఈ ఒక్క లఫ్జ్ చేతితోటి ఎందుకున్నది?"

"నేను కొట్టలే, గందుకే."

"ఎందుకు కొట్టలే?"

"గది చెప్ప."

"తెల్వదా?"

"తెల్వదంటే అబద్ధమైతది. చెప్ప అంటున్న."

తెలియదని ఒక్క మాట అంటే అయిపోయేది. అమీన్ బల్ల మీద గుద్దాడు. మిషన్ ఎగిరిపడింది. ఆమె కళ్ళద్దాలు పైకెత్తుకుని ఆయన బూట్లవైపు చూసింది.

"గీ ఒక్క మాటకోసం సంగారెడ్డికెల్లి గింత వానల వచ్చిండ్రా సాబ్? తొవ్వల వాగు ఎంతున్నది?"

"నడుం దాకా" అన్నాడాయన. అనేసిన తరువాత, జవాబిచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. "జవాబు చెప్పేదాకా మీ మిషన్ ఠాణాల ఉంటది" అని అరిచాడు. జవాన్లు మిషన్‌కు గుడ్డ చుట్టి, లక్క పోసి, ముద్ర గుద్దారు. దొరసాని అడ్డం రాబోతే మిషనమ్మే వద్దంది. పోతూ పోతూ అమీన్ నావైపు తిరిగి, "నీ అన్న ఏడున్నడు?" అన్నాడు. తెలియదన్నాను. అది నిజమే.

నా దరఖాస్తు అక్కడితో మూతబడింది. నాయినను పదిరోజులు ఠాణా చుట్టూ తిప్పారు. నౌకరీ మాత్రం ఎట్లాగో మిగిలింది. మిషనమ్మ దగ్గరికి వెళ్ళాలంటే మొహం చెల్లలేదు. చివరికి వెళ్ళాను. బల్ల మీద మిషన్ ఉండే చోటు నలుచదరంగా, తెల్లగా కనబడుతోంది. ఆమె కలంతో ఎవరిదో దరఖాస్తు రాస్తోంది.

"నావల్లనే గదమ్మా ఇదంతా" అన్నాను.

"నీ మాట రాసింది నువ్వు. నా మాట చెప్పనిది నేను. ఎవలది వాళ్లు మోద్దాం" అని, రాస్తున్న కాగితం వైపు తిరిగింది.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. జనం జెండాలు పట్టుకుని బజార్లలోకి వచ్చారు. నేను మా గడపలో నిలబడి అన్న కోసం చూశాను. ఇప్పుడు సర్కారు మనది, ఇక ఇంటికి వస్తాడనుకున్నాను. రాలేదు. సంఘం తుపాకులు దించలేదు. నిన్నటిదాకా పాత సర్కారు వెతికిన మనుషులనే ఇప్పుడు మిలటరీ లారీలు వెతకడం మొదలుపెట్టాయి. అటు మా వెనక వీధిలో తురకల ఇళ్ళు పట్టపగలే తలుపులు వేసుకున్నాయి. భయం పోలేదు, ఇల్లు మారింది.

చలికాలంలో ఇద్దరు సిపాయిలు మిషన్ తెచ్చి వరండాలో దించిపోయారు. ఎందుకు పట్టుకుపోయారో, ఎవరు పట్టుకుపోయారో వాళ్ళకు తెలియదు. లక్క ముద్ర కూడా అట్లాగే ఉంది. నేను దుమ్ము తుడుస్తూ ఆమెకు సాయం చేస్తున్నాను. అప్పుడే ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. పాత షేర్వానీ, పెరిగిన గడ్డం. ఆ అమీనే. నౌకరీ తీసేశారు. తిరిగి పెట్టుకోమని కొత్త సర్కారుకు దరఖాస్తు కావాలి.

"కూసోండ్రి సాబ్" అంది మిషనమ్మ, ఎవరితోనైనా అన్నట్టే.

ఆయన కూర్చున్నాడు. "మిషన్ మంచిగున్నదా?" అని మెల్లగా అడిగాడు.

"చూద్దాం. మీదే మొదటి కాగితం."

ఆయన చెప్తుంటే కొట్టింది. ఎన్నేళ్ళ నౌకరీ, ఎక్కడెక్కడ, ఎంతమంది పిల్లలు. తరువాత, "నేను ఎవరిమీదా ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు, అని కొట్టుండ్రి" అన్నాడు.

చేతులు ఒళ్లోకి వెళ్ళాయి.

"అందరు గట్లనే రాస్తున్నరమ్మా."

ఆమె కలం, సిరాబుడ్డి ఆయన ముందుకు జరిపింది. ఆయన కలం వైపు చూశాడు. మూలకు నిలబడ్డ నావైపు చూశాడు. "కొట్టిన" అన్నాడు. "ఎంతమందినో యాదికి లేదు. హుకుం ఉండె."

"కొట్టిన అని రాస్త. హుకుం ఉండె అని గూడ రాస్త. రెండూ నిజమే గద?"

ఆయన తల ఊపాడు. మిషన్ మొదలైంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని మెట్లు దిగి పోయాడు. దాన్ని పంపాడో, దారిలో చించేశాడో తెలియదు. ఆ కుటుంబం హైదరాబాదు చేరిందని తరువాత విన్నాం.

మరుసటి ఏడు కొత్త సర్కారు కూడా వజీఫాలు ప్రకటించింది. ఫారం తెప్పించుకుని వెళ్ళాను. కాగితం రంగు మారింది, మీది ముద్ర మారింది. అటూ ఇటూ తిప్పి చూసి ఒకచోట వేలు పెట్టింది మిషనమ్మ. "ఇగో బిడ్డా. సర్కారు మారింది, సవాల్ మారలే."

అదే మాట. కుటుంబంలో ఎవరికైనా సర్కారుకు ఎదురు తిరిగే పనులతో సంబంధం ఉందా?

కాగితం ఇంటికి తీసుకుపోయి నాయినకు చూపించాను. అన్న సంగతి తెలిసి అప్పటికి ఎనిమిది నెలలైంది. ఉన్నాడో, ఏ కాల్పుల్లో పోయాడో చెప్పేవాళ్ళు లేరు. నాయిన ఆ వాక్యం మీద వేలు ఆనించాడు.

"ఉన్నడని రాయి బిడ్డా" అన్నాడు. "కాగితం మీదనన్న ఉన్నడని రాయి."

తిరిగి వచ్చి ఆ మాట చెప్తే మిషనమ్మ ఏమీ అడగలేదు. ఉన్నాడు, మా అన్న, అని కొట్టింది. కొట్టి, కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది.

ఆ ఏడు వజీఫా రాలేదు. పై ఏడు మూడోసారి కొట్టించాను. అప్పటికి అన్న పట్టుబడ్డాడు. ఇంటర్వ్యూలో ఒక ఆఫీసరు, "ఇప్పుడు మీ అన్న ఎక్కడున్నాడు?" అని అడిగాడు. "మీ జైల్లోనే ఉన్నాడండీ" అన్నాను. పక్కనున్న ముసలి డాక్టరు ఫక్కున నవ్వి, ఫారం తన ముందుకు లాక్కున్నాడు. మెట్లబావుల గురించి అరగంట అడిగాడు. ఆ ఏడు ఇచ్చారు. ఏడాదిన్నర విలాయతులో చదివి వచ్చాను. తరువాత నా నౌకరీ అంతా బావుల చుట్టూ, గుడ్డతో నీళ్ళు వడపోయించడం చుట్టూ గడిచింది. అది వేరే కథ.

నేను తిరిగి వచ్చిన నెలకే అన్నను విడిచిపెట్టారు. మనిషి సగమయ్యాడు. అన్నం ముందు కూర్చుని, మొదటి ముద్ద పెట్టుకోకముందే, "మిషనమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు.

"నీకెట్ల ఎర్క ఆమె?"

"ఎర్క లేకేంది? నువ్వు ఫారం వట్టుకపోయిన ఎండాకాలమే, నీకన్న నెల ముందట నేను పోయిన. పట్టపగలు, గొర్లకాపరి లెక్క గొంగడి కప్పుకోని. గా ఖాకీ గుంపులోల్లు ఊర్లు ఎట్ల కాలవెడుతున్నరో బయట రాజ్యం పేపర్లకు ఇంగ్లీషుల పంపాలె. మా దగ్గర మిషన్ యాడిది?"

"కొట్టిందా?"

"కొట్టింది. వందల ఊర్లు కాలినయని నేను రాసుకపోయిన. పేర్లు చెప్పుమన్నది. నా కండ్లతోని చూసినయి నాలుగు. నాలుగు పేర్లే కొట్టింది. దళంల అందరు నామీద లేసిండ్రు, గింతేనా అని. కని పేర్లున్నయి గనుక పేపరోల్లు అచ్చేసిండ్రు. ఎవలూ కాదనలే."

నేను ముద్ద కలిపిన చేయి అట్లాగే ఉంచి కూర్చున్నాను. అమీన్ బల్ల గుద్దినప్పుడు ఎగిరిపడింది ఆ మిషనే. సైన్యం వచ్చేదాకా నెలన్నర పైన ఠాణాలో, వాళ్ళ కళ్ళ ముందే ఉన్నదీ అదే. నా ఒక్క మాట కోసం ఆమె మొండికేసిందని అన్నాళ్ళూ అనుకున్నాను. అక్షరాలు పోల్చి, ఆ కాగితం కొట్టింది ఈ మిషనేనని పసిగట్టి ఉంటే ఆమెను ప్రాణాలతో వదిలేవాళ్ళు కాదు.

మరునాడు మూడు గంటలకు ఆమె దగ్గరికి పోయాను. పీట మీద ఎవరూ లేరు. అన్న చెప్పిందంతా చెప్పాను. ఆమె కళ్ళద్దాలు పైకెత్తుకుని, విలాయతులో కొళాయి నీళ్ళు చలికాలం గొట్టంలోనే గడ్డకడతాయా అని అడిగింది. చెప్పాను.

"అమ్మా, ఆ దినం మీరు చెప్ప అన్నది నా మాట గురించేనా, అన్న కాగితం గురించా?" అన్నాను.

"నీ మాట గురించే. ఆయన అడిగింది గదే గద."

"ఈ మిషన్ మీద ఇంకేం కొట్టినవ్ అని అడిగితే?"

"చెప్ప అనేదాన్ని. గప్పుడు ఆయనకు తెలిసిపోతుండె. గా ఒక్క సవాల్ అడుగుతడేమో అని, ఆయన మెట్లు దిగేదాకా నాకు ఊపిరాడలే." కిటికీలోంచి బయటికి చూసింది. "అడగలే. తుపాకి వట్టుకున్నోల్లకు అడుగుడు రాదు బిడ్డా. మీ అన్నకు గూడ రాకుండె. గా ఊర్ల పేర్లు నేనే అడగాల్సొచ్చె."